సిస్టర్ సునీత వెనక బ్రేకులు విప్పిన శనివారం

సునీత కారు మొదటిసారి అరిచింది చర్చి ఆవరణలో. అదీ ఆదివారం పొద్దున, లోపల నూట యాభైమంది కళ్లు మూసుకుని మౌనప్రార్థనలో ఉన్నప్పుడు. ఎప్పటిలాగే పది నిమిషాలు ఆలస్యంగా వచ్చిన సునీత, ప్రహరీగోడ పక్కన సందు చూసుకుని బ్రేకు మీద కాలు వేసింది. పందిని పట్టి గోనెసంచిలోకి తోస్తున్నట్టు ఒక అరుపు. లోపల మూడో వరసలో ఒక పెద్దావిడ ఉలిక్కిపడి ‘స్తోత్రం’ అనేసింది. మౌనం ఎలాగూ చెడిందని పాస్టర్ ఫిలిప్ గారు గొంతు సవరించుకుని, నరకంలో పళ్లు కొరికే చప్పుడు ఇంతకన్నా ఘోరంగా ఉంటుందని సంఘాన్ని హెచ్చరించారు. కీబోర్డు ముందు కూర్చున్న ఐజాక్ మాత్రం తల ఇంకాస్త దించుకున్నాడు. అది నరకం కాదనీ, తన భార్య అనీ అతనికి తెలుసు.

సునీతకు అప్పటికి యాభై తొమ్మిదేళ్లు. సొంతూరు బాపట్ల. నర్సు ఉద్యోగానికి బెంగళూరు వచ్చి, ఒక పెద్దాసుపత్రిలో ఎముకల ఆపరేషన్ థియేటరులో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసింది. విరిగిన తొడలు, అరిగిన మోకాళ్లు, వైట్‌ఫీల్డ్ గుంతల్లో బైకుల మీద నుంచి ఎగిరిపడిన సాఫ్ట్‌వేరువాళ్ల మోచేతులు, అన్నీ ఆమె ముందునుంచే పోయాయి. ఎముకల డాక్టరు పని వడ్రంగానికి ఆకుపచ్చ గౌను తొడిగినట్టే ఉంటుందని ఆమె అభిప్రాయం. అక్కడా సుత్తి, రంపం, డ్రిల్లు, స్క్రూలు. తేడా అల్లా, చెక్క మత్తుమందు అడగదు.

ఏ స్క్రూ కావాలో డాక్టరు అడక్కముందే ఆమె చేతిలో సిద్ధంగా ఉండేది. కానీ ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్క స్క్రూ కూడా ఆమె తన చేత్తో బిగించింది లేదు. అందించడమే ఆమె పని. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. రిటైరయిన రోజు ఒక శాలువా కప్పి, ఒక గోడ గడియారం ఇచ్చి, ఆమె కళ్లు మూసుకున్న క్షణం చూసుకుని ఒక ఫోటో తీశారు. ఆ తర్వాత ఏడాదిగా ఆమె చేతులకు చేయడానికి పనిలేదు. వంటింట్లో గరిటెలను పొడుగు వరసలో పేర్చింది. అది మంగళవారానికి అయిపోయింది. బుధవారం మళ్లీ పొట్టి వరసలో పేర్చింది.

ఐజాక్ పోస్టాఫీసులో రిటైరయ్యాడు. మంచివాడు, భయస్తుడు. గ్యాస్ సిలిండరు మార్చేటప్పుడు గేటు అవతల నిలబడే రకం. అతనికి డ్రైవింగ్ రాదు. రాదని ఒప్పుకోడు, ‘సునీతకి ఇష్టమని వదిలేశా’ అంటాడు. కారు సునీతదే. మంగళూరుకు మారిపోతున్న ఒక డాక్టరు దగ్గర కొన్న పన్నెండేళ్ల నాటి బండి. ముందు చక్రాలకే కాకుండా వెనక చక్రాలకు కూడా డిస్కు బ్రేకులుండటం దాని గొప్ప.

సోమవారం ఇద్దరూ కారును సర్వీసు సెంటరుకు తీసుకెళ్లారు. మెడలో ట్యాగు, చేతిలో ట్యాబు ఉన్న ఒక పెద్దమనిషి కారు కింద తొంగిచూసి వచ్చి, ఐజాక్‌తో మాట్లాడటం మొదలుపెట్టాడు.

“సర్, రియర్ బ్రేక్ ప్యాడ్స్ కంప్లీట్‌గా అయిపోయాయి. డిస్కులు, క్యాలిపర్లు కూడా చేంజ్ చేసేస్తే బెటర్. సేఫ్టీ ఇష్యూ సర్.”

“కారు తోలేది నేను,” అంది సునీత.

“అవును మేడమ్,” అని అతను మళ్లీ ఐజాక్ వైపే తిరిగాడు. “మేడమ్‌కి కొంచెం ఎక్స్‌ప్లెయిన్ చెయ్యండి సర్.”

మూడు పెడళ్లలో బ్రేకు ఏదో కూడా తెలియని ఐజాక్ గంభీరంగా తల ఊపాడు.

“ఆ అరిగిన ముక్కేదో ఒకసారి చూపించండి,” అంది సునీత.

“కస్టమర్స్ లోపలికి నాట్ అలౌడ్ మేడమ్. ఏమైనా తగిలితే ప్రాబ్లమ్.”

“ఇరవై ఎనిమిదేళ్లు మనుషుల మోకాళ్లు విప్పి చూశాను. అక్కడ నన్నెవరూ ఆపలేదు.”

అతను నవ్వాడు. పెద్దవాళ్లు ఏదో అంటే పిల్లలు నవ్వినట్టు కాదు, పిల్లలేదో అంటే పెద్దవాళ్లు నవ్వినట్టు. ఆ నవ్వు లేకపోతే ఈ కథ లేదు. సునీత తాళాలు తీసుకుని కారు వెనక్కి తిప్పింది. గేటు దగ్గర బ్రేకు వేస్తే కారు ఆమె తరఫున గట్టిగా అరిచింది.

ఇంటికొచ్చాక చీర కుచ్చిళ్లు బొడ్లో దోపి, వెనక చక్రం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఫోను లైటు కమ్మీల మధ్యలోంచి వేసి చూసింది. చక్రంతో పాటు తిరిగే ఇనుప డిస్కు నున్నగా, గీతల్లేకుండా ఉంది. దాన్ని రెండువైపుల నుంచీ పట్టుకునే ప్యాడ్ మాత్రం చప్పరించిన బిస్కెట్టంత మిగిలింది. ప్యాడ్ అరిగిందని చెప్పడానికే దాని అంచున ఒక రేకు ముక్క ఉంటుందనీ, అది డిస్కుకు రాసుకుని అరుస్తుందనీ ఆ రాత్రి భోజనానికి ముందే ఎక్కడో చదివి తెలుసుకుంది.

“ఏవండీ, దీనికేం రోగం లేదు. చెప్పులు అరిగాయి, అంతే. చెప్పులు అరిగితే కాళ్లు మారుస్తారా ఎవరైనా?”

“అయితే చెప్పులు మార్పిద్దాం.”

“నేనే మారుస్తాను.”

ఐజాక్ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. “సునీతా, అవి బ్రేకులు. హారన్ కాదు.”

రెండు రోజులు బతిమాలాడు. మూడోరోజు ఆమె మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో మారి, చిక్కపేటలో దిగింది. తోపుడుబళ్లనూ, చీరల మూటలు మోసే హమాలీలనూ తప్పించుకుంటూ ఇనుప సామాను దుకాణాలు తిరిగి, కారు కింద నిలబెట్టే రెండు స్టాండ్లు, మర తిప్పి అదిమే ఒక సి క్లాంపు, సాకెట్ స్పానర్ల సెట్టు కొంది. అక్కడి నుంచి ఆటోలో జె.సి. రోడ్డుకు పోయి, కారు ఛాసిస్ నంబరు రాసుకున్న చీటీ చూపించి వెనక ప్యాడ్లు తీసుకుంది. తిరుగు ప్రయాణంలో మెట్రో స్టేషనులో ఆమె సంచి యంత్రంలోంచి పోగానే గార్డు ఆపి, “ఏనమ్మా ఇదు?” అంటూ క్లాంపు పైకెత్తాడు. “ఆపరేషన్ సామాను,” అంది సునీత. అబద్ధం కాదని ఆమె అనుకుంది.

శనివారం ఏడున్నరకు ఇంటిముందు పని మొదలైంది. పాత దుప్పటి పరిచి, దాని మీద సామాను వరసగా పెట్టింది. చేతులకు తొడుగులు, ముక్కుకు మాస్కు. విప్పిన చిన్న ముక్కలు వేయడానికి వంటింట్లోంచి, ఆసుపత్రుల్లో వాడే స్టీలు కిడ్నీ ట్రే తెచ్చింది. అంతకుముందు అందులో కరివేపాకు ఉండేది. ఐజాక్ ఫోను పట్టుకుని, వీడియోలో చెప్పేది తెలుగులో చదివి వినిపించాలి. అది అతని డ్యూటీ.

“ముందు ప్రార్థన చేసుకుందాం,” అన్నాడు ఐజాక్.

“ముందు చక్రాల కింద రాళ్లు పెట్టండి. తర్వాత ప్రార్థన.”

ఎదురింటి జోగయ్య తన ప్లాస్టిక్ కుర్చీ తీసుకొచ్చి రోడ్డు మధ్యలో వేసుకున్నాడు. ముప్పై ఏళ్లు సిటీ బస్సు తోలి రిటైరయిన మనిషి. ఇక్కడ ద్రాక్షతోటలున్న రోజుల నుంచీ వాళ్ల కుటుంబం ఉన్నది ఈ వీధిలోనే.

“ఏం సిస్టరమ్మా, కారుకు కాన్పు చేస్తాండావా?”

“మోకాలు మారుస్తున్నాను జోగయ్యన్నా.”

“సుమ్నే, ఊరికే ఎందుకమ్మా తలనొప్పి? మెకానిక్కు ఉండాడు కదా.”

“ఉన్నాడు. నవ్వుతాడు.”

చక్రం బోల్టులు కదల్లేదు. ఏ గ్యారేజీవాళ్లో గాలి మెషిన్‌తో రాయిలా బిగించారు. సునీత వీల్ స్పానరు తగిలించి, చేత్తో లాగింది, కాలితో తన్నింది. చివరికి కారు పైభాగం పట్టుకుని స్పానరు కాడ మీదికి ఎక్కి నిలబడింది. ఆమె డెబ్బై ఎనిమిది కిలోలు. ఐజాక్ మొహం తిప్పేసుకున్నాడు.

“పడితే నడుము ఇరుగుతాది!” అని అరిచాడు జోగయ్య.

“విరిగితే ఎవరు కడతారో, ఎవరు చెడగొడతారో నాకు తెలుసులే అన్నా,” అంటూ ఆమె ఒక్కసారి మోకాళ్లు వంచి కుదిపింది. బోల్టు కెవ్వుమని వదిలింది. మిగతా నాలుగూ దాన్ని చూసి బుద్ధి తెచ్చుకున్నాయి.

జాకీ ఎత్తాక జోగయ్య మళ్లీ చెయ్యెత్తాడు. “జాకీని నమ్మొద్దు సిస్టరమ్మా. జాకీ, అల్లుడు, రెండూ ఎప్పుడు జారేదీ చెప్పలేం.” అప్పటికే సునీత స్టాండు కింద పెట్టింది. జోగయ్య ఆ రోజు మొత్తంలో చెప్పిన సలహాల్లో సరైనది అదొక్కటే కాబట్టి ఇక్కడ రాయడం న్యాయం.

చక్రం ఊడింది. ప్యాడ్లను డిస్కుకు అదిమిపట్టే ఇనుప పిడికిలి, అదే క్యాలిపరు, ఎదురుగా కనిపించింది. దాని బోల్టులు రెండు విప్పి, బ్రేకు గొట్టం లాగబడకుండా కట్టుతీగతో దాన్ని పైన స్ప్రింగుకు వేలాడదీసింది. పాత ప్యాడ్లు చేతిలోకి వచ్చాయి. లోపలిదైతే ఇక ఇనుమే మిగిలింది. సునీత దాన్ని వెలుతురులో పట్టుకుని కాసేపు చూసింది. “ఇదిగో, దీన్ని చూపించమంటేనే కదా లోపలికి నాట్ అలౌడ్ అన్నాడు.”

అంతవరకూ బాగానే ఉంది. కొత్త ప్యాడ్లు మందం. అవి పట్టాలంటే క్యాలిపరులో బయటికి పొడుచుకొచ్చిన పిస్టన్‌ను లోపలికి నెట్టాలి.

“క్లాంపు పెట్టి మెల్లగా బిగించాలట. వెన్నలా లోపలికి పోతుందట,” అని చదివాడు ఐజాక్.

సునీత బిగించింది. వెన్న కదల్లేదు. ఇంకా బిగించింది. క్లాంపు వంగుతోంది కానీ పిస్టన్ వెంట్రుకవాసి జరగలేదు. హ్యాండ్ బ్రేకు దించే ఉందని రెండుసార్లు చూసుకుంది. తొమ్మిదయింది, పదయింది. ఆమె మాస్కు చెమటకు ముఖానికి అతుక్కుపోయింది.

“సుత్తితో ఒకటి ఇయ్యి,” అన్నాడు జోగయ్య. “మా బస్సుకు అట్లే ఇస్తా ఉంటిమి.”

“మీ బస్సుకి ఇవి డిస్కులా అన్నా?”

“కాదు. గాలి బ్రేకు. అయితే ఏమి? ఇనుము ఇనుమే కదప్పా.”

“మళ్లీ చదవండి,” అంది సునీత భర్తతో. ఐజాక్ మళ్లీ చదివాడు. వెన్న మళ్లీ అలాగే ఉంది. పదకొండుకు ఆమె దుప్పటి అంచున కూలబడి, కారు వైపు కాకుండా రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. సర్వీసు సెంటరాయన నవ్వు గుర్తొచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లు తను అందించిందే తప్ప చేసింది లేదని, చెయ్యగలననుకోవడం పొగరేమోనని మొదటిసారి అనిపించింది.  ఐజాక్ మజ్జిగ తెచ్చి పక్కన పెట్టాడు.

సరిగ్గా అప్పుడు పాస్టర్ ఫిలిప్ గారు వచ్చారు. రేపటి ఆరాధనకు నెల్లూరు నుంచి ఒక ప్రసంగీకుడు వస్తున్నాడు. ఏడుగంటలకు కె.ఆర్.పురం స్టేషనులో దిగుతాడు. సునీత కారులో తీసుకురావాలని చెప్పడానికి వచ్చి, మూడు కాళ్ల మీద నిలబడ్డ కారును చూసి ఆయన ఆగిపోయారు.

“వందనాలు అయ్యగారూ,” అంది సునీత లేవకుండానే.

“ఇదేమిటి సిస్టర్? రేపటికి లేచి నడుస్తుందా?”

“చచ్చిన లాజరే లేవలేదా అయ్యగారూ. చూద్దాం.”

ఫిలిప్ గారు ట్రే మీదికి వంగి, అందులోదేదో చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత ఆ చేతులే జోడించి, కళ్లు మూసుకుని, కారు కోసం, రైలు కోసం, నెల్లూరు సహోదరుని కోసం వరసగా ప్రార్థించడం మొదలుపెట్టారు. ఐజాక్ కళ్లు మూసుకున్నాడు. జోగయ్య కూడా మర్యాదకు తువ్వాలు భుజం మీది నుంచి తీశాడు.

సునీత కళ్లు మూసుకోలేదు. ఆ పిస్టన్ మొహాన్నే చూస్తోంది. గుండ్రటి బిళ్ల. దాని మీద ఎదురెదురుగా రెండు గాట్లు. ఉత్తినే నెట్టాల్సిన వస్తువుకు గాట్లెందుకు? గాటు పెట్టారంటే అందులో ఏదో తగిలించి తిప్పడానికే. నెట్టేది మేకు, తిప్పేది స్క్రూ. ఆమె మూతి సన్నటి నోస్ ప్లయరు తీసుకుని, దాని రెండు కొనలూ రెండు గాట్లలో పెట్టి, అదుముతూ గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పింది. పిస్టన్ తిరిగింది. తిరిగినంత మేరా లోపలికి దిగింది.

“పోయింది!” అంది గట్టిగా.

“ఆమేన్,” అన్నారు ఫిలిప్ గారు, ప్రార్థన ముగించక తప్పక.

“తిప్పాలి. నెట్టకూడదు. తిప్పాలి! ఏవండీ, ఆ వీడియోలో తిప్పమని ఎక్కడా చెప్పలేదా?”

ఐజాక్ ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని, పైకీ కిందికీ జరిపి చూశాడు. అతని ముఖంలో రంగు మారింది. “ఇందులో... ఫ్రంట్ అని ఉంది సునీతా. ఇది ముందు చక్రాలది.”

మూడున్నర గంటలు.  సునీత ప్లయరు చేతిలో పట్టుకుని భర్తను చూసింది, పిస్టన్‌ను చూసింది, తర్వాత మాస్కు కిందికి లాగేసి, దుప్పటి మీద వెనక్కి వాలి పగలబడి నవ్వింది. రిటైరయిన తర్వాత ఆమె అలా నవ్వడం ఐజాక్ వినలేదు. తిడుతుందనుకున్నవాడల్లా తనూ భయం భయంగా నవ్వాడు. ఫిలిప్ గారు దేవుడు ప్రార్థన విన్నాడని చెప్పి, బాప్తిస్మం తరగతికి వేళయిందంటూ వెళ్లిపోయారు.

పిస్టన్ పూర్తిగా దిగింది. కొత్త ప్యాడ్ వెనకనున్న చిన్న బొడిపె పిస్టన్ గాట్లో కూర్చునేలా సర్దింది. ఇక ప్యాడ్లు కదలకుండా పట్టే రేకు క్లిప్పులు పెట్టి మూసేయడమే. ట్రేలో చెయ్యి పెట్టి లెక్క చూసింది. మళ్లీ చూసింది.

“క్లిప్పు ఒకటి తక్కువుంది.”

“అదిలేకుంటే ఏమి?” అన్నాడు జోగయ్య. “ఉత్త రేకు ముక్క. మా బస్సులో బోల్టులు లెక్కపెట్టి ఉంటే, బస్సు డిపో దాటేదే కాదు.”

“అందుకే నేను మెట్రో ఎక్కుతాను అన్నా.”

ఐజాక్‌కు ఆకలి వేస్తోంది. అయినా కారు కింద, డ్రైను పక్కన, జోగయ్య కుర్చీ కింద వెతికాడు. దుప్పటి దులిపాడు. అతనికి తెలుసు, ఈ విషయంలో ఆమెతో వాదించి లాభం లేదు. ఒకసారి థియేటరులో ఒక పేరుమోసిన డాక్టరు తొడ కుట్టేయబోతుంటే, నెత్తురు అద్దే గాజుగుడ్డ ఒకటి తక్కువుందని ఆమె అడ్డుపడింది. ఆయన మీదమీదకొచ్చి అరిచాడు. ఆమె సూది అందివ్వలేదు. చేతులు కట్టుకుని నిలబడింది. ఇరవై నిమిషాలు వెతికితే గుడ్డ తొడలోనే దొరికింది. ఆ డాక్టరు మళ్లీ ఆమె మీద అరవలేదు, కృతజ్ఞత కూడా చెప్పలేదు.

సునీత తొడుగులు తీసి, ఒక్క క్షణం ఆలోచించి, ఫోను తీసుకుంది.

“అయ్యగారూ, మీ జేబు చూసుకోండి.”

“సిస్టర్, నేను బాప్తిస్మం క్లాసులో ఉన్నాను.”

“అదయ్యాక చూస్తే ఇక్కడ కారు మూడు కాళ్ల మీదే ఉంటుంది. జేబు.”

అవతల గలగలమని ఏదో చప్పుడు.  “అమ్మా... గొంతు బిళ్లల డబ్బాతో పాటు ఒక రేకు ముక్క ఉంది. ఇది నా దగ్గరికి ఎలా వచ్చిందో మరి.”

“ఎనిమిదో ఆజ్ఞ దొంగిలకూడదనే కదా అయ్యగారూ?”

“ప్రార్థనలో ఉన్నాను కదమ్మా, ధ్యాస లేదు,” అన్నారాయన దీనంగా. గంట తర్వాత ఆటోలో వచ్చి, క్లిప్పును రెండు చేతులతో అందించారు. ఆమెకు ఎవరైనా ఏదైనా అందించడం, ఆమె తీసుకుని బిగించడం అదే మొదటిసారి. ఫిలిప్ గారికి ఆ సంగతి తెలియదు. ఆమె మాత్రం క్లిప్పు పెట్టేటప్పుడు తొందరపడలేదు.

ఎడమ చక్రానికి ఒక పూటంతా పట్టింది. కుడి చక్రానికి గంటా పది నిమిషాలు. అన్నీ బిగించాక ఐజాక్‌ను డ్రైవరు సీటులో కూర్చోబెట్టి, మధ్య పెడల్ నొక్కమంది. అతను నొక్కి బిగుసుకుపోయాడు.

“సునీతా, పాతాళానికి పోయింది! బ్రేకు లేదు!”

“ఉంటుంది. పిస్టన్ లోపలికి తోశాం కదా, మళ్లీ బయటికి రావాలి. నొక్కుతూ ఉండండి. అది గట్టిపడేదాకా బండి కదపకూడదు.”

అతను కళ్లు మూసుకుని నొక్కాడు. ఏడో ఎనిమిదో సారికి పెడల్ కాలికి ఎదురు నిలిచింది. అరవై మూడేళ్ల జీవితంలో కారులో ఒక భాగం తన మాట వినడం అదే మొదలు కాబట్టి, అతను అవసరం లేకపోయినా ఇంకో పదిసార్లు నొక్కాడు.

పరీక్షకు బండి తీస్తుంటే జోగయ్య అడగకుండానే వెనక సీటులో ఎక్కి కూర్చున్నాడు. ఐజాక్ గేటు పట్టుకుని నిలబడ్డాడు. గ్యాస్ సిలిండరుకు నిలబడే చోటే. సునీత గేరు వేసింది. కారు రెండు గజాలు కదిలిందో లేదో అతను పరిగెత్తుకొచ్చి తలుపు తీసి పక్కన కూర్చున్నాడు.

“మీరు రానక్కర్లేదండీ.”

“నువ్వు పోయాక నేనిక్కడ నిలబడి ఏం చెయ్యను?” అని, బెల్టు రెండుసార్లు లాగి చూసుకున్నాడు.

వీధి చివరిదాకా నడక వేగంలో పోయి ఆపింది. ఆగింది. కొంచెం వేగంతో పోయి ఆపింది. ఆగింది. అరుపు లేదు, గరగర లేదు. నాలుగోసారి గట్టిగా వేస్తే జోగయ్య తువ్వాలు ముందుకు ఎగిరొచ్చి ఐజాక్ తల మీద పడింది.

“పట్టిందప్పా,” అన్నాడు జోగయ్య, వెనక సీటులోంచి లేస్తూ. “నేను చెప్తిని కదా, ఇనుము ఇనుమేనని.”

మరునాడు పొద్దున నెల్లూరు ప్రసంగీకుణ్ని స్టేషనులో ఎక్కించుకున్నారు. లావుపాటి మనిషి, కమ్మని గొంతు. దారిలో ఐజాక్‌కు మనసు ఆగలేదు. “నిన్ననే బ్రేకులు మార్చామండీ. ఇంట్లోనే, మేమే,” అన్నాడు. ప్రసంగీకుడు చెబుతున్న సాక్ష్యం ఆపేసి, తలుపు పైనున్న పిడి పట్టుకున్నాడు. హోప్‌ఫామ్ సిగ్నల్ దగ్గర ఒక నీళ్ల ట్యాంకరు చెయ్యీ చూపక, లైటూ వెయ్యక అడ్డం తిరిగింది. సునీత బ్రేకు తొక్కింది. కారు ట్యాంకరు చక్రానికి మూరెడు దూరంలో చప్పుడు లేకుండా ఆగింది. ట్యాంకరు వెనక కుళాయిలోంచి నీళ్లు బానెట్ మీద పడుతున్నాయి.

“స్తోత్రం!” అన్నాడాయన కళ్లు మూసుకుని.

“స్తోత్రం ఆయనకే గానీ, ప్యాడ్లు జె.సి. రోడ్డువి,” అంది సునీత.

ఆయన మంచి ప్రసంగీకుడు, దొరికినదేదీ వదలడు. ఆరాధనలో ప్రసంగం మధ్యకొచ్చేసరికి ట్యాంకరు లారీ అయింది, మూరెడు జానెడయింది. “ఎందుచేత బ్రతికాం? ఈ సంఘంలో ఒక నమ్మకమైన సహోదరుడున్నాడు. అతడు ముందు రోజే తన స్వహస్తాలతో ఆ బ్రేకులను సిద్ధపరచాడు. సహోదరుడు ఐజాక్!” అంటూ కీబోర్డు వైపు చెయ్యి చాపాడు. సంఘమంతా తలలు తిప్పింది. ‘ఆమేన్’ అన్నారు. ఆడవాళ్ల వరసలో సునీత తన గోళ్లు చూసుకుంటోంది. ఎంత తోమినా పోని నలుపు. ఇరవై ఎనిమిదేళ్లు ఇలాంటివి విన్నది కదా, ఇంకోసారి వింటే చెవులు ఊడవు అనుకుంది.

ఐజాక్ లేచి నిలబడ్డాడు. మోచెయ్యి తగిలి కీబోర్డు ఒక వికారమైన స్వరం పలికింది. అతను ఆ చర్చిలో ఇరవై ఏళ్లుగా వాయిస్తున్నాడు కానీ నిలబడి ఒక్క మాట మాట్లాడింది లేదు.

“నేను కాదండీ,” అన్నాడు.  “మా ఆవిడ చేసింది. అంతా ఆమే చేసింది. నేను ఫోను పట్టుకున్నాను. పట్టుకున్నది కూడా తప్పు వీడియో.”

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత చర్చి అంతా నవ్వింది. ఫిలిప్ గారు అందరికన్నా ఆలస్యంగా, అందరికన్నా ఎక్కువగా నవ్వారు. ప్రసంగీకుడు ఒక్క క్షణం తడబడి, ‘సహోదరి’ అని దిద్దుకుని, అక్కడి నుంచి ప్రసంగాన్ని ఎటో తీసుకుపోయాడు. ఎటో సునీత వినలేదు. ఐజాక్ కూర్చుని, చెమట తుడుచుకుని, రాని పాటకు స్వరాలు వెతుక్కుంటున్నట్టు కీల మీద వేళ్లు పెట్టుకుని ఉండిపోవడాన్నే చూస్తోంది.

ఆరాధన అయ్యాక శైలజ అనే టీచరు, ఆమె వెనక మరో ఇద్దరు ఆడవాళ్లు కారు దగ్గరికొచ్చి, వెనక చక్రం పక్కన వంగి, “ఎక్కడాంటీ, చూపించండి,” అన్నారు. సునీత వాళ్లకు చూపించింది. లోపలికి అందరూ అలౌడే.

ఇంటికి పోతూ దారిలో మార్కెట్ దగ్గర ఐజాక్ చేపలు తీసుకుందామన్నాడు. వంజరం బాగుంది. తనే కడిగి, తనే ముక్కలు కోస్తానని కూడా అన్నాడు. వేలు తెగుతుందేమోనని భయపడుతూనే కోశాడు. ముక్కలు ఒక్కొక్కటి ఒక్కో సైజులో వచ్చాయి. సునీత పక్కనే నిలబడి చాకు, నిమ్మకాయ, ఉప్పు, అతను అడక్కముందే ఒక్కొక్కటీ అందించింది.